బ్లెస్సీ ఎటువైపు

నడిమిలంక,
2025 జులై 21

అన్నయ్యకు,

ఇందిర వందనాలు. వదిన మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేస్తే నీకు వినిపించదు, చెవి మిషను పెట్టుకుంటే అది ఈల వేస్తుంది. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. అందుకని కాగితం తీశాను. రిటైరైనా హెడ్మాస్టరు గారు హెడ్మాస్టరు గారే కదా, తప్పులు దిద్ది తిరిగి పంపుతావేమోనని ఇప్పటికీ భయమే.

సంగతి ఏమిటంటే, గోదావరి మన సమాధుల తోటను కోసేస్తోంది. చివరి వరసకీ ఏటికీ మధ్య ఇంక ఎనిమిది అడుగులే మిగిలింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు చెప్పారు. గట్టుకు లోపలివైపు కొత్త స్థలం ఇచ్చారట. నవంబరులో సమాధుల పండుగ వచ్చేలోపు ఎవరి వాళ్ళను వాళ్ళు తవ్వి తీసి, అక్కడ మట్టి చేసుకోవాలట. అంటే నా బ్లెస్సీని నేను మళ్ళీ ఒకసారి పైకి తీయాలి. పన్నెండేళ్ళయింది. ఏడేళ్ళ పిల్ల. ఉంటే ఈపాటికి కాలేజీకి వెళ్తూ నాతో దెబ్బలాడుతూ ఉండేది.

నిన్న సాయంత్రం అబ్బులు వచ్చాడు. వాళ్ళ అబ్బాయి అభిలాష్ కూడా ఆ ఏడే, ఆ జ్వరాల్లోనే పోయాడు కదా. ఇద్దరి సమాధులూ పక్కపక్కనే. అబ్బులు గుమ్మంలో నిలబడి చాలాసేపు తలగోక్కున్నాడు.

“చెల్లెమ్మ గారూ, మరేం అనుకోకండి. మా వాడి సిలువ ఇప్పుడు గట్టువైపు ఉందండి. నాకేమో వాణ్ణి ఏటివైపు మట్టి చేసినట్టు గుర్తండి. మా ఆవిడ పైడమ్మేమో కాదంటాందండి. మీకేమైనా గుర్తుందేమోనని వచ్చేనండి.”

నాకు గుర్తులేదు అన్నయ్యా. ఆ రోజు నన్ను ఇద్దరు పట్టుకుని నడిపించారు. నా కాళ్ళు తప్ప నేనేమీ చూడలేదు. బ్లెస్సీ తండ్రి అప్పటికే వేరే కాపురం పెట్టుకుని వెళ్ళిపోయాడు, ఆయన్ని అడిగేదీ లేదు. మరుసటి ఏడు నేను కువైట్ వెళ్ళాను, 2023లో తిరిగి వచ్చాను. ఆ మధ్యలోనే 2022 జులై వరద. వరదొస్తే కర్ర సిలువలు కొట్టుకుపోతాయని ముందే అన్నీ పీకి మందిరం అటక మీద పెట్టడం, నీరు తీశాక మళ్ళీ పాతడం మన లంకలో అలవాటే కదా. ఆ ఏడు సంఘ కార్యదర్శివి నువ్వే. దగ్గరుండి పాతించిందీ నువ్వే.

అందుకే నిన్ను అడుగుతున్నాను. నా బిడ్డ ఎటువైపు ఉంది? ఏటివైపా, గట్టువైపా? నాకు తెలియాలి. అది తెలియకుండా అక్కడ ఒక్క పార కూడా దిగనివ్వను.

నీ చెల్లెలు
ఇందిర


మండపేట,
జులై 30

ప్రియ సహోదరి ఇందిరకు,

ప్రభువు నామంలో శుభాలు. నీ ఉత్తరంలో అక్షరదోషాలు లేవు. అనవసరమైన భయం మాత్రం చాలా ఉంది.

సిలువలు నేను దగ్గరుండి, వరసల లెక్క ప్రకారం పాతించాను. బ్లెస్సీది ఏటివైపు, అభిలాష్‌ది గట్టువైపు. ఇప్పుడు ఎలా ఉన్నాయో అదే సరైనది. అబ్బులు మంచివాడే గాని జ్ఞాపకశక్తి విషయంలో వాడిని నమ్మడానికి లేదు. నా దగ్గర అయిదో తరగతి చదివినప్పుడు ఏడో ఎక్కం వాడికి ఏడాది పట్టింది. ఈ విషయం ఊళ్ళో చర్చకు పెట్టవద్దు.

మరొక సంగతి. నువ్వు రోజూ పొద్దున్నే వెంకటరమణమ్మ గారి అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుంటున్నావని పాస్టరు గారు మెసేజ్ పెట్టారు. ధ్యానమట. మన ఇంట్లో మూడు తరాలుగా మోకాళ్ళ మీద ప్రార్థన చేయడమే తెలుసు. నువ్వు కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఉండి కూడా విశ్వాసం నిలబెట్టుకున్నావని నలుగురితో గర్వంగా చెప్పుకున్నాను. ఆలోచించుకో.

వదిన మోకాలి నొప్పి తగ్గింది.

నీ అన్న
బెంజమిన్


నడిమిలంక,
ఆగస్టు 11

అన్నయ్యకు,

ఏటివైపు అన్నావు. ఒక రోజంతా హాయిగా ఉంది. మూడు జాకెట్లు కుట్టాను, చేపల పులుసు పెట్టుకున్నాను. మర్నాడు అబ్బులుకు చెప్తే “ఆయ్” అని వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు గట్టు ఎక్కి మళ్ళీ వెనక్కి వచ్చాడు. “సారు వరసలు దేన్ని బట్టి లెక్కెట్టేరంటారండీ? అప్పటికి తోట గోడ వరదకి కొట్టుకుపోయింది కదండీ. మోకాల్లోతు ఒండ్రు కదండీ” అన్నాడు. ఏడో ఎక్కం రాకపోతే పోయింది, ఈ లెక్క మాత్రం బాగానే వేశాడు. దేన్ని బట్టి పెట్టావు అన్నయ్యా?

ఇక ధ్యానం సంగతి. పాస్టరు గారు చెప్పింది నిజమే, నేనేమీ దాచలేదు. ఆసుపత్రిలో బీపీ చూపించుకునే వరసలో వెంకటరమణమ్మ గారు నా వెనక నిలబడ్డారు. నా చీటీ చూసి, “ఇంత బీపీ పెట్టుకుని తిరుగుతున్నావేమిటమ్మా, పొద్దున్నే మా అరుగు మీదకొచ్చి కాసేపు కూర్చో” అన్నారు. వెళ్ళాను. మన అమ్మ ఊడ్పులకు వాళ్ళ చేలోకి వెళ్ళి గుమ్మం బయట నిలబడి గంజి తాగిన ఇల్లు అది. ఇప్పుడు నేను ఆవిడ పక్కన చాప మీద కూర్చుంటున్నాను. నలుగురితో గర్వంగా చెప్పుకోవాలంటే ఇది చెప్పుకో.

ఆవిడ మంత్రాలేమీ చెప్పరు. ఊపిరి వస్తుంటే చూడమంటారు, పోతుంటే చూడమంటారు. నేను మొదటి రోజే అడిగాను. “అమ్మగారూ, నాకు కళ్ళు మూస్తే ఒకటే ప్రశ్న వస్తుందండి. ఒక్క రోజు ముందు అమలాపురం తీసుకెళ్తే నా పిల్ల బతికేదా అని.” ఆవిడ నవ్వలేదు, అయ్యో అనలేదు. “వస్తే రానియ్యి. మంచినీళ్ళియ్యకు, కుర్చీ వెయ్యకు. జవాబు మాత్రం చెప్పకు. నిలబడి నిలబడి దానికే కాళ్ళు పీకుతాయి” అన్నారు.

పదేళ్ళు మోకాళ్ళ మీద దేవుణ్ణి అదే అడిగాను అన్నయ్యా. ఇప్పుడు అడగకుండా ఆయన ముందు కూర్చుంటున్నాను. వినేవాడు అప్పుడూ ఆయనే, ఇప్పుడూ ఆయనే. నీకు అభ్యంతరమైతే ఆయనకు మెసేజ్ పెట్టు.

కానీ అబద్ధం ఎందుకు, ఈ మూడు వారాలుగా ఆ కూర్చోవడం కూడా కుదరడం లేదు. పాత ప్రశ్నను ఎలాగో నిలబెట్టాను అనుకుంటే ఈ కొత్తది వచ్చి నెత్తినెక్కింది. ఏటివైపా, గట్టువైపా. నిన్న సమాధుల తోటకు వెళ్ళి రెంటి మధ్యా నిలబడ్డాను. తల్లిని కదా, ఏదో ఒకటి తెలుస్తుందనుకున్నాను. ఏమీ తెలియలేదు. రెండూ మట్టిదిబ్బలే.

దేన్ని బట్టి లెక్క పెట్టావో రాయి.

ఇందిర


మండపేట,
ఆగస్టు 24

ఇందిరకు,

నన్ను అబ్బులుతో పాటు విచారణ చేసే స్థాయికి వచ్చావు. సరే.

అంత అనుమానంగా ఉంటే దానికి శాస్త్రీయమైన మార్గం ఉంది. మా అబ్బాయి హర్ష విశాఖపట్నంలో ల్యాబులోనే కదా పనిచేసేది. వాడిని అడిగాను. పన్నెండేళ్ళ ఎముకైనా చిన్న ముక్క చాలట. నీ లాలాజలం, అబ్బులు దంపతుల లాలాజలం తీసుకుంటే, ఎవరు ఎవరి బిడ్డో నూటికి నూరు పాళ్ళూ చెప్పేస్తారట. రెండు పెట్టెల్లోకి విడివిడిగా తీయించు. మిగిలిన ఏర్పాట్లు నేను చూసుకుంటాను. పాస్టరు గారితో కూడా మాట్లాడాను, ఆయన సరేనన్నారు.

తెలుసుకునే వీలు ఉండి కూడా తెలుసుకోకపోవడాన్ని మా రోజుల్లో బద్ధకం అనేవాళ్ళం. ఆ అరుగు మీద నీకేం నేర్పుతున్నారో నాకు తెలియదు. బడిలో నేను నేర్పింది మాత్రం ఇది కాదు. చదువుకున్న ఇంటి ఆడపిల్లవి.

ఆలస్యం చేయకు. ఏరు ఆగదు.

బెంజమిన్


నడిమిలంక,
సెప్టెంబరు 9

అన్నయ్యకు,

మొన్న జులైలో నీకు గట్టిగా తెలుసు. బ్లెస్సీ ఏటివైపు. ఆగస్టు వచ్చేసరికి విశాఖపట్నం, లాలాజలం, నూటికి నూరు పాళ్ళు. అంత గట్టిగా తెలిసినవాడికి పరీక్ష దేనికి? నేను చదువుకున్న ఇంటి ఆడపిల్లనే కాబట్టి ఈపాటి ఆలోచన వచ్చింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కూడా హర్షకు ఫోన్ చేయబోయాను. ఆ మాట దాచను. చేయి ఫోన్ మీదకు వెళ్ళింది. అప్పుడే పైడమ్మ వచ్చి, కలుపు పీకడానికి వెళ్దాం రమ్మంది. ఇద్దరం సమాధుల తోటకు వెళ్ళాం. అది తన కొడుకు దిబ్బ మీద కలుపు పీకేసి, నా పిల్ల దిబ్బ మీదకు వచ్చి పీకుతోంది. నేను వద్దన్నాను.

“అలవాటండి వదిన గారూ. మీరు కువైట్లో ఉండగా ప్రతీ పండక్కీ మావాడికి సున్నం ఏసేక డబ్బాలో మిగిలేదండి. పక్కన పాపది వట్టిగా ఉంటే చూళ్ళేక దానిక్కూడా ఏసేసేదాన్నండి. పూలు కూడా చెరిసగం చేసేదాన్నండి. రెంటికీ ఒకేలా చేసేసేదాన్ని కదండీ, ఏది ఎటో ఇప్పుడు నేనూ గట్టిగా చెప్పలేనండి” అంది.

సున్నం మాటకు నాకు నీ ఫోన్లు గుర్తొచ్చాయి. ప్రతి ఏడూ నేను అక్కడి నుంచి ఫోన్ చేస్తే, దగ్గరుండి సున్నం వేయించాను అనేవాడివి. ఫోటో పంపమంటే, సమాధికి ఫోటోలేమిటే అనేవాడివి. ఒక్క ఏడైనా వెళ్ళావా? నేనక్కడ ఎవరి పిల్లలకో స్నానాలు చేయిస్తూ, నా పిల్ల దగ్గర మా అన్నయ్య ఉన్నాడులే అనుకున్నాను. నాకు కోపంగా ఉంది. ఈ వాక్యాన్ని దిద్దకు.

ఆ రాత్రి గడిచాక పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాను. ఏటివైపా, గట్టువైపా అని అది మామూలుగానే వచ్చింది. నేను మంచినీళ్ళివ్వలేదు. అది పోలేదు కూడా. కానీ దాని పక్కన ఇంకొకటి తోచింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఏటివైపు దిబ్బ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పాను. ఎదురింటి ఆవిడ సంగతి, కొత్త కుట్టుమిషను సంగతి, నీ చెవి మిషను ఈల సంగతి. అక్కడున్నది అభిలాష్ అయితే అవన్నీ ఆ పిల్లాడు విన్నట్టు. పైడమ్మ పూలు బ్లెస్సీ పెట్టుకున్నట్టు. ఇందులో ఎవరికి ఏం తక్కువైంది? పన్నెండేళ్ళలో నా పిల్ల ఒంటరిగా లేని సంగతి నాకు ఆ పొద్దున తెలిసింది. ఆ తెలియడం నాకు చాలు.

అందుకని పరీక్ష వద్దు. నా పిల్ల ఎముక సీసాలో పడి, దాని మీద నంబరు వేయించుకుని విశాఖపట్నం వెళ్ళడానికి నేను ఒప్పుకోను. బద్ధకం అను, అజ్ఞానం అను, నీ ఇష్టం. తెలుసుకోకుండా ఉండటానికి ఎంత కండ కావాలో ఒక్క పొద్దున కూర్చుని చూసి అప్పుడు రాయి.

ఇందిర


మండపేట,
సెప్టెంబరు 28

ఇందిరా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపేశాను.

నేను లెక్క పెట్టలేదు. ఆ రోజు నీరు తీశాక తోటంతా ఒండ్రు. దిబ్బలు కనపడటం లేదు, గోడ లేదు. మందిరం అటక మీద నుంచి సిలువలు దించాం. ఎవరి వాళ్ళు వచ్చి, పాదాలతో తడుముకుంటూ వాళ్ళ వాళ్ళ చోట్లు చెప్పి పాతుకున్నారు. చివరికి రెండు చిన్న సిలువలు మిగిలాయి. నువ్వు కువైట్‌లో ఉన్నావు. పైడమ్మకు విరేచనాలు పట్టి రాజోలు ఆసుపత్రిలో ఉంటే అబ్బులు అక్కడే ఉన్నాడు. పార పట్టుకున్న కుర్రాళ్ళు, “సార్, ఇయ్యెక్కడండీ?” అని అడిగారు. అందరూ నా శిష్యులే. అందరూ నా వైపే చూశారు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పిల్లల ముందు తెలియదు అన్న మాట నేను ఎప్పుడూ అనలేదు. ఆ రోజు కూడా నోటికి రాలేదు. గొడుగుతో చూపించాను. పాపది ఇటు, బాబుది అటు. వాళ్ళు పాతేశారు. అంతే జరిగింది.

ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. మరుసటి ఏడు మండపేటలో ఇల్లు కట్టుకుని వచ్చేశాను. వదిన మోకాలికి ఆసుపత్రి దగ్గరని అందరికీ చెప్పాను.

సున్నం సంగతి కూడా నిజమే. మొదటి రెండేళ్ళు వెళ్ళాను, అప్పటికే ఎవరో వేసి ఉన్నారు. తర్వాత వెళ్ళలేదు.

ఇప్పుడు చెప్పేశాను కాబట్టి ఒక్కటి అడుగుతున్నాను. పరీక్ష చేయించనీ. సరిగ్గానే పాతించానని తేలితే నేను నిశ్చింతగా కన్నుమూస్తాను. తప్పు చేశానని తేలితే నీ కాళ్ళ మీద, అబ్బులు కాళ్ళ మీద పడతాను. రెంటిలో ఏదో ఒకటి తేలాలి. డెబ్భై రెండేళ్ళ వయసులో ఇలా మధ్యలో ఉండలేకపోతున్నాను తల్లీ.

అన్నయ్య


నడిమిలంక,
అక్టోబరు 9

అన్నయ్యకు,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాలనుకున్నాను. గ్యాసు పొయ్యి కదా, ఇల్లు అంటుకుంటుందని ఆగాను. మూడు రోజులు అరుగు మీద కళ్ళు మూస్తే నీ గొడుగు తప్ప ఊపిరి కనపడలేదు. వెంకటరమణమ్మ గారు ఒక కన్ను తెరిచి, “ఇవాళ ఎవర్ని కొడుతున్నావమ్మా?” అని అడిగారు. మా అన్నయ్యను అన్నాను. “బాగా కొట్టు. అయ్యేక కూర్చుందువుగాని” అన్నారు.

కొట్టాను. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు తెలియదు అని ఉంటే ఏమయ్యేది? రెండు సిలువలూ అటక మీదే ఉండేవి. అబ్బులు వచ్చేవాడు, నాకు ఫోన్ చేసేవాడు, ఇద్దరం కలిసి ఏడ్చుకుని ఏదో ఒకటి చేసుకునేవాళ్ళం. ఆ ఏడుపు మాది. నీ పరువు కోసం దాన్ని మాకు లేకుండా చేశావు. చోటు తప్పావో లేదో నాకు పట్టదు గాని, ఇది మాత్రం తప్పే. దీనికి ఏ ల్యాబూ అక్కర్లేదు.

తేలాలి అంటున్నావు. అంటే ఈ పరీక్ష మా పిల్లల కోసం కాదు, నీ కోసం. సరిగ్గా పెట్టి ఉంటే క్షమించాలి, తప్పుగా పెట్టి ఉంటే కాళ్ళ మీద పడతావు. అన్నయ్యా, అది మార్కులు వేయడం అవుతుంది. నేను నిన్ను క్షమిస్తే నువ్వు చేసిందంతా చూసి క్షమిస్తాను. ఇంకా క్షమించలేదు. ప్రయత్నం చేస్తున్నాను.

నీ ఉత్తరం అబ్బులుకూ పైడమ్మకూ చదివి వినిపించాను. నిన్ను అడగలేదు, అడగను కూడా. అబ్బులు ఉత్తరం మడిచి నా చేతికిచ్చాడు. “సారు కూడా మనిషే కదండీ” అన్నాడు. పైడమ్మకు ఆ దయ లేదు, కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం తనే వచ్చి, “వదిన గారూ, ఇద్దర్నీ ఒక్క చోటే పెట్టేద్దామండి” అంది. నేను అదే అడగాలని వారం నుంచి జంకుతున్నాను.

సంఘ పెద్దలు కూర్చున్నారు. రిజిస్టరులో ఒక సమాధికి ఒక పేరుకే గడి ఉందన్నారు. వేరే వేరే కుటుంబాల పిల్లల్ని ఒకే గోతిలో పెట్టిన ఆచారం లేదన్నారు. రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నారు. నేను లేచి నిలబడ్డాను. మన మందిరంలో ఆడవాళ్ళు కూర్చునే మాట్లాడతారు, నీకు తెలుసు. గడి చాలకపోతే పక్కకు రాయండి, ఆచారం లేకపోతే ఇవాళ్టి నుంచి ఉంటుంది, ఎవరైనా అడిగితే మాకు తెలియదని చెప్పండి అన్నాను. ఆ ఆఖరి మాటకు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతమంది పెద్దమనుషుల్లో ఆ మాట అనడం ఎవరికీ అలవాటు లేదు. చివరికి పాస్టరు గారే కలం తీశారు.

ఇరవై తొమ్మిదో తారీఖు బుధవారం తీస్తున్నాం. ఏటికి ఇంక మూడు అడుగులుంది. రావాలనిపిస్తే రా. రాకపోతే నేనేమీ అనుకోను, అనుకున్నా నీకు వినిపించదు.

ఇందిర


మండపేట,
అక్టోబరు 23

ఇందిరకు,

నేను రావడం లేదు. ఆ గొయ్యి దగ్గర నిలబడే ధైర్యం లేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. రాజోలులో స్టూడియో పెట్టిన అంజిబాబు గుర్తున్నాడు కదా. 2021 సమాధుల పండుగకి మన తోటలో ఫోటోలు తీశాడని విన్నాను. వాడి పాత కంప్యూటరు బాగు చేయించి వెతికించాను, మూడుసార్లు బస్సెక్కి వెళ్ళాను. ఒక ఫోటోలో రెండు చిన్న సిలువలూ ఉన్నాయి. వెనక గోడ, పక్కన ఏరు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పేర్లు కూడా చదవవచ్చు.

నేను చూశాను. సరిగ్గా పెట్టించానో, తారుమారు చేశానో ఇప్పుడు నాకు తెలుసు.

ఆ ఫోటో దీనితో పాటు వేరే కవరులో అంటించి పంపుతున్నాను. విప్పితే చాలు, ల్యాబు అక్కర్లేదు, ఎముక తీయక్కర్లేదు. ఎవరి బిడ్డను వాళ్ళు తీసుకోవచ్చు. నువ్వు చూసి ఒక్క మాట రాయి. ఏ మాటైనా సరే.

అన్నయ్య


నడిమిలంక,
అక్టోబరు 30

అన్నయ్యకు,

నీ కవరు సోమవారం వచ్చింది. ల్యాబు వద్దనడం తేలిక, అది విశాఖపట్నంలో ఉంది. ఇది నా కుట్టుమిషను మీద ఉంది. ఒక కత్తెర దూరం. సోమవారమంతా ఒక్క కుట్టు వేయలేకపోయాను. ఒకసారి వేలితో అంచు లేపాను కూడా. నీ దగ్గర దాచి ఏం లాభం, వాసన చూశాను. మైదా పిండి వాసన వచ్చింది.

మంగళవారం పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. వెంకటరమణమ్మ గారు ఏమిటది అని అడగలేదు. ఊపిరి వస్తోంది, పోతోంది. ఒళ్ళో కవరు ఉంది, లోపల నా పిల్ల ఎటువైపు ఉందో ఉంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. చూడాలని ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ కోరిక పోతే అప్పుడు విప్పకుండా ఉంటానని అనుకునేదాన్ని. అది పోదు. అది ఉండగానే విప్పకుండా ఉండవచ్చని నాకు అక్కడ తెలిసింది.

కానీ అది నా ఒక్కదాని హక్కు కాదు. సాయంత్రం అబ్బులు ఇంటికి వెళ్ళి ఇద్దరి ముందూ పెట్టాను. ఇందులో ఉంది, మీకు చూడాలనిపిస్తే చూడండి, నేను బయట కూర్చుంటాను అన్నాను. అబ్బులు కవరు తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నేను బయటకు వెళ్ళడానికి లేచాను.

“కూర్చోండి వదిన గారూ” అంది పైడమ్మ. మొగుడి వైపు చూసి, “అది చూసేక రేపట్నించీ నాకు ఒక్కడే కొడుకు. చూడకపోతే ఇద్దరు పిల్లలు. నీ ఇట్టం” అంది.

అబ్బులు కవరు కింద పెట్టేశాడు. పెట్టి ఇంటి వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నిన్న తీశాం. పార పట్టింది మనవాళ్ళే. రెండు చోట్లా దొరికింది కొంచెమే. నేనూ పైడమ్మా కొత్త తెల్లగుడ్డ పరిచి రెండూ అందులో సర్దాం. ఒక పెట్టె. గట్టు మీదుగా నేనూ అబ్బులూ మోశాం. ఏమంత బరువు లేదు. పాస్టరు గారు వాక్యం చదివి ప్రార్థన చేశారు. పేర్ల దగ్గర కొంచెం ఆగి రెండు పేర్లూ పలికారు. మట్టి వేశాక పైడమ్మ నా భుజం పట్టుకుంది. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

నీ కవరు దీనితో తిరిగి పంపుతున్నాను. అంటించినది అంటించినట్టే ఉంది. మా ముగ్గురికీ తెలియదు, తెలియకుండానే పోతాం. నీకు తెలుసు. తెలిసి తీరాలన్నావు, తెలుసుకున్నావు. ఇప్పుడు అది నీది, దాన్ని నీతోనే ఉంచుకో. నాకు చెప్పకు, హర్షకు చెప్పకు, వదినకు చెప్పకు. నిద్రలో కూడా అనకు. నిన్ను క్షమించానా అని అడుగుతావు. ఈ ఒక్క పని చేస్తే క్షమించేశాను.

ఇది చాలా కష్టమని నాకు తెలుసు అన్నయ్యా. నోటి దాకా వస్తుంది. వచ్చినప్పుడు బస్సెక్కి వచ్చెయ్యి. ఇక్కడ చాప ఉంది. ఎంతసేపైనా నా పక్కన కూర్చో. నేనేమీ అడగను.

ఇందిర